సైకిలుతో మాట్లాడే మాస్టారు

మాస్టారు పోయారన్న కబురు నాకు బాపట్లలో, ఆఫీసులో, మధ్యాహ్నం క్యారేజీ విప్పుతుండగా వచ్చింది. మా కాలువకట్ట మీద నడిచేవాళ్లందరికీ ఒక వాట్సాప్ గ్రూపు ఉంది. అందులో ఒక పూలదండ బొమ్మ, కింద 'మన సైకిలు మాస్టారు ఇక లేరు' అని. నేను నమ్మలేదు. ఆ గ్రూపుని నమ్మడానికి లేదు. కిందటేడు ఒకాయన పుట్టినరోజని ఫొటో పెడితే, చూసీ చూడకుండా నలుగురైదుగురు 'ఆత్మకు శాంతి కలగాలి' అని రాశారు. ఆ మనిషి ఇప్పటికీ రోజూ పొద్దున్నే మాతో నడుస్తూనే ఉన్నాడు. అందుకని కట్ట మొదట్లో ఇడ్లీ బండి పెట్టే ఆవిడకి ఫోన్ చేశాను.

"అవునండి. తెల్లారగట్ట నిద్రలోనే పోయారంటండి. సైకిలు పొద్దున్నించీ ఇంటి గుమ్మంలోనే ఉందండి" అందావిడ.

సైకిలు గుమ్మంలో ఉందంటే ఇక అనుమానించడానికి ఏమీ లేదు. పొద్దుటి పూట ఆ సైకిలు గుమ్మంలో ఉండటం నేనెరగను. క్యారేజీ మూసేశాను. ఏడుపొచ్చింది. ఆ ఏడుపు వెనకే మా అత్తయ్య గుర్తొచ్చింది. మాస్టారు కట్ట మీద తిరిగినంతకాలమే మా అత్తయ్య కట్ట మీద నడవాలని మా ఇంట్లో ఒక ఒప్పందం. ఇప్పుడు ఆయన లేరు. ఆ ఒప్పందం ఎలా కుదిరిందో చెబితే ఆయన ఎలాంటి మనిషో మీకూ తెలుస్తుంది.

మాది తెనాలి. కాలువకట్ట మీద సిమెంటు బాట వేసి, మోటారు సైకిళ్లు దూరకుండా రెండు చివర్లా ఇనప గుంజలు పాతారు. గుంజల మధ్యనుంచి మనిషి పడతాడు, సైకిలు పడుతుంది. అంచేత పొద్దున్నే నడిచేవాళ్లు, సైకిళ్లకి పాలక్యాన్లు తగిలించుకున్నవాళ్లు, స్కూలుకి పోయే ఆడపిల్లలు, అందరిదీ అదే బాట. ఒక పక్క కాలువ, నిండా గుర్రపుడెక్క. రెండో పక్క ఇళ్ల పెరళ్లు. మేము ముగ్గురం నలుగురం ఒకే వరసలో, కబుర్లలో పడి, బాటంతా మా పుట్టింటివాళ్లు రాసిచ్చినట్టు నడుస్తాం. వెనక సైకిలు వచ్చినవాడు ఏం చెయ్యాలి? బెల్లు కొడితే మాకు ఒళ్లు మండుతుంది. పోనీ 'ఏమండీ, కాస్త జరగండి' అని పిలిచాడా, అది ఇంకా తప్పు. పొద్దున్నే ఒక పని మీద బయల్దేరిన మనిషిని వెనకనుంచి పిలవకూడదు. పిలిస్తే ఆ పని కాదు. మా వీధిలో ఒకావిడ అలాగే పిలిపించుకుని, వెనక్కి ఇంటికి పోయి, కాళ్లు కడుక్కుని, మంచినీళ్లు తాగి, కాసేపు కూర్చుని మళ్లీ బయల్దేరింది. ఈలోగా బస్సు వెళ్లిపోయింది. పిలిచినవాడితో ఆవిడకి ఇప్పటికీ మాటల్లేవు.

మాస్టారి సైకిలుకి బెల్లు లేదు. ఆయన ఎవర్నీ వెనకనుంచి పిలిచేవారూ కాదు. తన సైకిలుతో మాట్లాడేవారు. పూర్వం బండివాళ్లు ఎడ్లతో మాట్లాడినట్టు, పైకే, అందరికీ వినపడేలాగా.

"మెల్లగా పదవే తల్లీ. ముందు ఆడవాళ్లున్నారు. మనకేం తొందర లేదు. వాళ్లు చోటిస్తే పోదాం, లేకపోతే వాళ్ల వెనకాలే పోదాం."

ఆ మాట అల్లంత దూరంనుంచే చెవిన పడేది. మేము నవ్వుకుంటూ పక్కకి జరిగేవాళ్లం. ఎవరూ ఉలిక్కిపడేది లేదు, ఎవరికీ శకునం చెడేది లేదు. బెల్లెందుకు పెట్టించలేదని ఎవరో అడిగితే, "బెల్లు కొడితే తప్పుకోమన్నట్టుంటుందయ్యా. తప్పుకోమనడానికి కట్ట మా నాన్న కట్టించాడా?" అన్నారట. నేనూ ఒకసారి అడిగాను.

"మీరు చర్చికి వెళ్లేవాళ్లు కదండి. మీకు ఈ శకునాలేంటండి?"

"నాకు లేవమ్మా. నీకున్నాయిగా. నడిచేది నువ్వు" అన్నారు.

ఇదంతా ఇప్పుడు ఇంత ఇష్టంగా చెబుతున్నాను గానీ, మొదట్లో నాకు ఆయన మీద నమ్మకం లేదు. అసలు నాకు దేని మీదా అంత తేలిగ్గా నమ్మకం కుదరదు. పెరుగు వాసన చూడందే వడ్డించను. తాళం వేశాక రెండుసార్లు లాగి చూస్తాను. అప్పట్లో ఊళ్లో మెళ్లో గొలుసులు తెంపుకుపోయేవాళ్ల గొడవ ఎక్కువగా ఉండేది. అంతా వెనకనుంచి వచ్చే బాపతే. పొద్దున్నే ఆడవాళ్ల వెనక సైకిలు మీద ఏదో మాట్లాడుకుంటూ వచ్చే మనిషికి స్క్రూ లూజన్నా అయ్యుండాలి, లేదా మహా గట్టివాడన్నా అయ్యుండాలి అనుకున్నాను. పమిట గొలుసు మీదకి లాక్కుని, ఆయన దాటిపోయిందాకా తిరిగి చూస్తూ నడిచేదాన్ని.

ఆయన రేపల్లెలోనూ, ఆ పక్కన నగరం అనే ఊళ్లోనూ లెక్కలు చెప్పి రిటైరై తెనాలి వచ్చారని తెలిసింది. మా అక్కది రేపల్లె. వెంటనే ఫోన్ చేసి కూపీ లాగాను.

"ఆయనా? మా పిల్లలకి ఆయనే చెప్పారే. చెయ్యెత్తేవారు కాదు. ఎవడన్నా లెక్క తప్పు చేస్తే వాణ్ణి ఏమీ అనకుండా నల్లబల్లతో చెప్పేవారంట. 'చూశావా, మనవాడి లెక్కలో ఆవు కంటే దూడ బరువెక్కువంట' అని. పిల్లలు పడీ పడీ నవ్వేవాళ్లు. మంచాయనేనే" అంది అక్క.

అక్కకి అందరూ మంచివాళ్లే. ఆ మాట నేను లెక్కలోకి తీసుకోలేదు.

ఇక మా అత్తయ్య సంగతి. మామయ్యగారు పోయాక ఆవిడ పట్టుబట్టి నిలబెట్టుకున్నది ఈ నడక ఒక్కటే. పొద్దున్నే ఒంటరిగా బయల్దేరి, కట్ట మీద, కాలువ నీళ్లు వదిలే లాకుల దాకా వెళ్లి, మెట్ల మీద కాసేపు కూర్చుని, నీళ్లు చూసుకుని, కనకాంబరాలు కొనుక్కుని వస్తుంది. తోడొస్తానంటే ఒప్పుకోదు. "ఇంట్లో ఒకడికి అమ్మని, నీకు అత్తని, పిల్లలకి మామ్మని. కట్ట మీదే నేను నేను" అంటుంది. ఆవిడ గొంతు పెద్దది. మాట మొదలుపెడితే ఆపడం కష్టం. మనం ఏం చెప్పినా "సరే సరే" అని, తను అనుకున్నదే చేస్తుంది. మొండిమనిషని మేమంతా సర్దుకుపోయాం.

ఒక సెలవు రోజు నేను కాస్త ఆలస్యంగా బయల్దేరి అత్తయ్యకి బాగా వెనకగా నడుస్తున్నాను. మాస్టారు వచ్చారు. అందరి వెనకా సైకిలుకి కబుర్లు చెబుతూ వచ్చినాయన, మా అత్తయ్య దగ్గరికొచ్చేసరికి నోరు కట్టేసినట్టు ఊరుకున్నారు. సైకిలు దిగారు. కాలువ వైపు అంచున, ఎడంగా, సైకిలు నడిపించుకుంటూ ఆవిణ్ణి దాటారు. దాటి నాలుగడుగులు ముందుకెళ్లి, వెనక్కి తిరిగి, ఎదురుగా నిలబడి నమస్కారం పెట్టారు. మా అత్తయ్యా పెట్టింది. అప్పుడు సైకిలెక్కి వెళ్లిపోయారు. తర్వాతి సెలవు రోజూ ఇదే తంతు. మా అత్తయ్య దగ్గరే ఈయనకి మూగనోము ఎందుకు? పైగా నమస్కారం పెడుతూ ఆవిడ చెవుల వైపు చూడటం నేను కళ్లారా చూశాను. ఆ చెవులకి పుట్టింటివారు పెట్టిన రాళ్ల దుద్దులు. నాకు విషయం అర్థమైపోయినట్టే అనిపించింది.

గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకుంటాడు కదా అని ఒక పరీక్ష పెట్టాను. ఆయన వెనక వస్తున్నప్పుడు పక్కావిడతో గట్టిగా, "ఈ మధ్య దొంగలు పెద్దమనుషుల్లాగే ఉంటున్నారంటండి" అన్నాను. మాస్టారు భుజాలు తడుముకోలేదు. "విన్నావటే? జాగ్రత్తగా ఉండాలంట" అని సైకిలుకి చెప్పి తీరిగ్గా దాటిపోయారు. నాకు ఇంకా ఒళ్లు మండింది.

చివరికి ఒకరోజు లాకుల దగ్గర ఆపేశాను. అత్తయ్య కిందమెట్టు మీద కూర్చుని నీళ్ల వైపు చూస్తోంది.

"మాస్టారూ, ఒక్కమాట అడగాలండి. మా అత్తయ్య చెవుల వంక ఎందుకు చూస్తారండి?"

ఆయన కంగారుపడలేదు. దిగి, సైకిలుకి స్టాండు వేశారు.

"మెషినేమన్నా పెట్టించారేమోనని చూస్తానమ్మా. రోజూ చూస్తున్నా. పెట్టించలేదు."

"ఏం మెషినండి?"

"వినపడే మెషిను. మీ అత్తగారికి వినపడదు కదా."

"మీకెవరు చెప్పారండి?" అన్నాను.

"ఎవరూ చెప్పలేదు. వినపడని పిల్లలు క్లాసులో ముందు బెంచీలో కూర్చుని నా నోటి వంకే చూసేవాళ్లమ్మా. మీ అత్తగారు నమస్కారం పెట్టేటప్పుడు అలాగే చూస్తారు. ఆవిడ వెనకాల నేనెంత వాగినా ఏం లాభం? బెల్లు కొట్టినా లాభం లేదు. కనపడాలి. అందుకే ముందుకెళ్లి కనపడతా."

టీవీ వీధి చివరిదాకా మోగడం, జవాబుకి ఆగకుండా ఆవిడే మాట్లాడుతూ ఉండటం, అన్నిటికీ "సరే సరే" అనడం, అన్నీ ఒక్కసారే గుర్తొచ్చాయి. నా అనుమానం ఊరంతా తిరిగొచ్చింది గానీ మా వంటింట్లోకి తొంగిచూడలేదు. అక్కడే నిలబడి ఏడ్చాను. నా ఏడుపు చూసి ఆయన నన్నే ఓదార్చారు.

"అనుమానం మంచిదేనమ్మా. నువ్వొక్కదానివే వెనక్కి తిరిగి చూస్తూ నడుస్తావు. సైకిలు తొక్కేవాడికి అంతకంటే ఏం కావాలి?"

"ఇంట్లో చెప్పనా అండి?"

"చెప్పు. కానీ ఆవిణ్ణి ఆపకండి."

నేను మా ఆయనకి చెప్పాను. ఆయన నేను భయపడినంతా చేశారు. అమ్మని డాక్టరు దగ్గరికి తీసుకెళ్లారు, మెషిను కొన్నారు. అది పెట్టుకుంటే చెవిలో కప్పలు అరుస్తున్నట్టుందని అత్తయ్య రెండోరోజే బీరువాలో పడేసింది. "అయితే రేపట్నించి కట్ట మీదకి వెళ్లక్కర్లేదు. వెనక ఎవడొస్తున్నాడో తెలియకపోతే ఎట్లా? డాబా మీద నడువు చాలు" అన్నారు మా ఆయన, ఆవిడ ఎదురుగా నిలబడి, ఒక్కొక్క మాటా విడదీసి. అత్తయ్య ఈసారి "సరే సరే" అనలేదు. అంత పెద్ద గొంతు మనిషి మాట మానేసి గదిలో గోడవైపు తిరిగి పడుకుంటే ఇల్లు ఇల్లులా లేదు.

రెండు మూడు రోజులు చూసి మాస్టారు వచ్చారు. గేటు దగ్గర ఆగారు. పిలవలేదు, గేటు కొట్టలేదు. తువ్వాలుతో సైకిలు సీటు తుడుస్తూ మొదలుపెట్టారు.

"ఏవే, నీకు బెల్లు లేదు. లేదని నిన్ను వసారాలో పెట్టి తాళం వేశానా నేను? చక్రాలు బాగున్నాయి, బ్రేకులు బాగున్నాయి. ఒక్క బెల్లు లేదని ఇంట్లో కూర్చోబెడితే తుప్పు పట్టిపోవూ?"

వరండాలో పేపరు చదువుతున్న మా ఆయన పేపరు దించారు.

"లోపలికి రండి మాస్టారూ."

"కూతురి మీద పెట్టి కోడల్ని అంటున్నాననుకోకు నాయనా. దీనికి చెప్పుకుంటున్నా."

"తెలుస్తూనే ఉందండి. ఎవడన్నా వచ్చి గుద్దితే ఎవరిదండి బాధ్యత?"

"నాది."

"ఎంతకాలమండి?"

"నేను కట్ట మీద తిరిగినంతకాలం."

మా ఆయన పేపరు మడిచి పక్కన పెట్టారు. "సరేనండి. మీరు తిరిగినంతకాలం వెళ్లమనండి. ఆ తర్వాత నా మాట వినాలి" అన్నారు. తలుపు వెనక నిలబడి మాస్టారి నోటి వంకే చూస్తున్న అత్తయ్య అప్పుడు లోపలికెళ్లి కాఫీ కలిపి తెచ్చింది. మా ఇంట్లో పైవాళ్లకి ఆవిడ చేత్తో కాఫీ ఇవ్వడం అరుదు.

బాధ్యత అన్నారు గదా, ఆయన ఊరికే కూర్చోలేదు. కట్ట మీద సైకిలు తొక్కే ప్రతివాళ్ల పక్కనా సైకిలు నడుపుతూ, తన సైకిలుకే చెబుతున్నట్టు, లాకుల వైపు ఒంటరిగా నడిచే పెద్దావిడ సంగతి చెప్పారు. కొన్నాళ్లకి చూద్దును గదా, పాలాయన దిగుతున్నాడు, స్కూలు పిల్లలు దిగుతున్నారు. అందరూ కాలువ వైపునుంచి ఎడంగా దాటి, ముందుకెళ్లి, కనపడి, అప్పుడు ఎక్కుతున్నారు. అత్తయ్య ఇంటికొచ్చి, "కట్ట మీద జనం ఎంత మర్యాదస్తులో. నేనొస్తుంటే సైకిళ్లు దిగుతున్నారు. మీ ఇంట్లోనే లేదమ్మా ఆ మర్యాద" అంది. నేను "అవునత్తయ్యా" అన్నాను.

ఆయన పోయిన రోజు సాయంత్రం రైలు దిగి నేరుగా వాళ్లింటికే వెళ్లాను. సైకిలు గుమ్మం పక్కనే ఉంది, హ్యాండిలు మీద ఆ తువ్వాలే. మాస్టారి భార్య నా చెయ్యి పట్టుకుని, "నాతో ఆ మాటల్లో సగం కూడా ఆడలేదమ్మా. పొద్దున్నించీ అది నోరు మూసుకుని ఎట్లా నిలబడిందో చూడు" అంది. చర్చివాళ్లు పాటలు పాడుతున్నారు. ఆయన మొహం, సైకిలు మీద వస్తున్నప్పటిలాగే, ఏదో చెప్పబోతున్నట్టే ఉంది.

మర్నాడు సమాధుల దొడ్డినుంచి తిరిగొచ్చిన రాత్రి అన్నాల దగ్గర మా ఆయన, "మరి అమ్మ సంగతి?" అన్నారు.

"ఏముంది?"

"మాట మాటే కదా. ఆయనున్నంతకాలం అన్నాను."

"రేపు ఒక్కసారి వచ్చి చూడండి. చూసి అప్పుడు చెప్పండి" అన్నాను. నా గొంతు లేచింది. ఆయన సరేనన్నారు.

పొద్దున్నే అత్తయ్య చెప్పులేసుకుంటుంటే ఎదురుగా కూర్చున్నాను. రెండు చేతులూ పట్టుకుని, నోరు బాగా తెరిచి, "మాస్టారు పోయారత్తయ్యా" అన్నాను. ఆవిడ నా మొహంలోకి చూసి "సరే సరే, ఎండెక్కకముందే పోదాం" అంది. అర్థం కాలేదని నా అనుమానం. రెండోసారి చెప్పడానికి నాకు ధైర్యం చాల్లేదు.

ఆవిడ ముందు, మేమిద్దరం వెనకగా. ఆవిడకి వినపడదని తెలిసి కూడా మా ఆయన గుసగుసలాడుతున్నారు. పాలాయన వచ్చాడు, దిగాడు, ఎడంగా నడిపించుకుంటూ పోయాడు. స్కూలు పిల్లలూ అంతే. ఇదంతా ఆయన పోయిన రెండ్రోజుల బాధేమో, నెలపోతే ఎవడికి గుర్తుంటుంది అని నాకు లోపల పీకుతూనే ఉంది. ఇంతలో ఎవరో కొత్తమనిషి, గేర్ల సైకిలు మీద, నెత్తిన టోపీ పెట్టుకుని, వెనకనుంచి జోరుగా వచ్చాడు. బెల్లు కొట్టాడు. అత్తయ్య జరగలేదు. మళ్లీ కొట్టాడు. ముందు ఇంకా సైకిలెక్కకుండా నడుస్తున్న పాలాయన వెనక్కి తిరగలేదు. తన క్యాన్ల మీద ఒక చరుపు చరిచి, కట్టంతా వినపడేలా అన్నాడు.

"ఆగవే తల్లీ. పెద్దావిడ నడుస్తోంది. మనకేం తొందర లేదు."

కొత్తమనిషి బ్రేకు వేశాడు. అటూ ఇటూ చూసి, దిగి, కాలువ అంచున మెల్లగా నడిపించుకుంటూ దాటాడు. మా ఆయన గుసగుస ఆగిపోయింది.

లాకుల ముందు, మాస్టారు రోజూ దిగే చోట, అత్తయ్య ఆగింది. పెరళ్ల వైపు అంచుకి జరిగి, వెనక్కి తిరిగి నిలబడింది. బాట మీద ఎవరూ లేరు. ఆవిడ చూస్తూనే ఉంది. అయ్యో, పొద్దున చెప్పింది అర్థం కాలేదు, ఇంకా ఎదురుచూస్తోందనుకుని, మళ్లీ చెప్పడానికి గబగబా దగ్గరికెళ్లాను. నన్ను ఆగమని చెయ్యి చూపించింది. ఖాళీ బాట వైపు తిరిగి రెండు చేతులూ జోడించింది.

"పెద్దాయన్ని ముందు పోనీ అమ్మాయ్" అంది.

మా ఆయన కాలువ వైపు తిరిగి, గుర్రపుడెక్క చూస్తున్నట్టు చాలాసేపు నిలబడ్డారు. మర్నాడు పొద్దున అమ్మ చెప్పులు ఆయనే తెచ్చి గుమ్మంలో పెట్టారు. ఒప్పందం మాట మళ్లీ ఎత్తలేదు.

నాకు మాత్రం ఇప్పటికీ ఎవరి మీదా పూర్తి నమ్మకం లేదు. సెలవు రోజుల్లో వెనకగా నడుస్తూ, వచ్చే ప్రతి సైకిలునీ తిరిగి తిరిగి చూస్తూనే ఉన్నాను. ముందు అత్తయ్య నడుస్తూ ఉంటుంది, పెరళ్ల వైపు అంచున, కాలువ వైపు ఒక సైకిలు పట్టేంత చోటు వదిలి.